జావా వచ్చినవాడికి సీ షార్ప్ రాదా?

ఆదివారం పొద్దున్నే హబ్సిగూడ ఎనిమిదో నంబరు వీధిలో టిఫిన్ సెంటర్ ముందు పార్సిల్ కోసం నిల్చున్నా. "ఏమ్మా, పేపర్లో పనిచేస్తావు కదా... ఓ మాట చెప్పు" అంటూ పక్కకు చేరారు మా కింది ఫ్లాట్ అంకుల్. కరెంటాఫీసులో అకౌంట్స్ చూసి రిటైరయ్యారు. మా అపార్ట్‌మెంట్ సంఘానికి ఆయనే కోశాధికారి. నీళ్ల ట్యాంకర్ బిల్లులో పది రూపాయలు తేడా వచ్చినా నిద్రపోరు.

"మావాడికి జావా వచ్చు. నాలుగేళ్లు ఉద్యోగమూ చేశాడు. ఇప్పుడేమో సీ షార్ప్ నేర్చుకోవాలట. కోచింగ్‌కి 35 వేలు అడుగుతున్నారు. అంబాసిడర్ నడిపినవాడు మారుతి నడపాలంటే మళ్లీ డ్రైవింగ్ స్కూల్లో చేరాలా?"

ఆయన నవ్వుతూనే అడిగారు. కానీ నవ్వాల్సిన సంగతి కాదది. కుర్రాడు పనిచేస్తున్న ప్రాజెక్టు మూతపడింది. ఆర్నెల్లుగా ఇంట్లోనే ఉంటున్నాడు. ఫ్లాట్ మీద అప్పు ఇంకా తీరలేదు. పింఛను మీద ముగ్గురు బతుకుతున్నారు. పంపిన ప్రతి దరఖాస్తుకీ ఒకటే జవాబు... 'మాకు సీ షార్ప్‌లో మూడేళ్ల అనుభవం కావాలి'. హబ్సిగూడలో మెట్రో ఎక్కితే తొమ్మిదో స్టేషన్ అమీర్‌పేట. అక్కడ దిగి 35 వేలు కట్టేస్తే ఈ చిక్కు తీరిపోతుందా? అసలు కట్టాలా?

నేను చదివింది జర్నలిజం డిప్లొమా. కంప్యూటర్‌తో నా బంధం తెలుగు టైపింగ్ దాకానే. అయినా అంకుల్ ప్రశ్న వదల్లేదు. తెలిసినవాళ్లనల్లా అడిగాను, దొరికింది చదివాను. తేలింది ఏమిటంటే... అంకుల్ చెప్పిందీ నిజమే, ఆ కంపెనీలు అంటున్నదీ పూర్తిగా అబద్ధం కాదు!

పాలు... హాలు!

ముందు అంకుల్ పక్షాన మాట్లాడదాం. ప్రోగ్రామింగ్ భాషలకూ మన భాషలకు ఉన్నట్టే కుటుంబాలున్నాయి. 1970ల మొదట్లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ 'సీ' భాషను తయారుచేశాడు. 1980ల్లో దాన్నుంచి సీ ప్లస్ ప్లస్ వచ్చింది. 1995లో సన్ మైక్రోసిస్టమ్స్ నుంచి జావా వచ్చింది. మైక్రోసాఫ్ట్ 2000లో ప్రకటించి 2002లో విడుదల చేసిన సీ షార్ప్ కూడా ఆ ఇంటి పిల్లే. మీసాల బ్రాకెట్లు, వాక్యం చివర సెమీకోలన్, 'ఇలా అయితే ఇది చెయ్... లేకపోతే అది చెయ్' అని చెప్పే పద్ధతి, ఒకే పనిని పదిసార్లు తిప్పి చేయించే తీరు... అన్నీ దాదాపు ఒకటే.

మనకు కన్నడం ఎలాగో జావావాడికి సీ షార్ప్ అలాగ. తెలుగువాడు బెంగళూరు వెళ్తే వారం తిరక్కుండానే ఓ కిటుకు పట్టేస్తాడు. మన 'పాలు' వాళ్లకు 'హాలు'. మన 'పులి' వాళ్లకు 'హులి'. మన 'పువ్వు' వాళ్లకు 'హూవు'. 'ప' ఉన్నచోట 'హ' పెట్టుకుంటే సగం మాటలు అర్థమైపోతాయి! జావాలో తెర మీద ఒక మాట కనిపించాలంటే 'సిస్టమ్ డాట్ అవుట్ డాట్ ప్రింట్‌లైన్' అనాలి. సీ షార్ప్‌లో 'కన్సోల్ డాట్ రైట్‌లైన్' అంటే సరి. సొరకాయని ఆనపకాయ అన్నంత తేడా.

అంతెందుకు... ఒకే మనిషి రెండు మూడు భాషల్ని సృష్టించిన సందర్భాలూ ఉన్నాయి. డెన్మార్క్‌కి చెందిన ఆండర్స్ హెల్స్‌బర్గ్ 1980ల్లో టర్బో పాస్కల్‌కి ప్రాణం పోశాడు. తర్వాత డెల్ఫీ వెనక ఉన్నదీ, సీ షార్ప్ వెనక ఉన్నదీ, 2012లో వచ్చిన టైప్‌స్క్రిప్ట్ వెనక ఉన్నదీ ఆయనే. చేయి ఒకటే అయినప్పుడు వంటల్లో ఆ రుచి తెలుస్తుంది కదా!

అయితే పేరు చూసి మోసపోకూడదు. జావా, జావాస్క్రిప్ట్ అన్నదమ్ములనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. బ్రెండన్ ఐక్ అనే ఇంజినీరు 1995లో పది రోజుల్లో తొలిరూపం రాసిన జావాస్క్రిప్ట్‌కి, అప్పట్లో ఊపుమీదున్న జావా పేరు తగిలించారు. బ్రాకెట్ల పోలికే తప్ప లోపలి స్వభావం వేరు. నేతి బీరకాయలో నెయ్యి ఎంతో జావాస్క్రిప్ట్‌లో జావా అంత!

ఊట దగ్గరే చిక్కు

మరి ఇంత దగ్గరి భాషలైతే ఇబ్బంది ఎక్కడ? మళ్లీ బెంగళూరు వెళ్దాం. అక్కడ ఎవరైనా 'ఊట ఆయ్తా?' అంటే మనకు ఆవకాయ జాడీలోని ఊట గుర్తొస్తుంది. వాళ్లు అడిగింది 'భోజనమైందా?' అని. 'తిండి ఆయ్తా?' అంటే అన్నం సంగతి కాదు, పొద్దుటి టిఫిన్ సంగతి. 'బేడ' అంటే మన తాతల కాలంలో రెండణాలు. అక్కడ 'వద్దు'. తెలియని మాటైతే ఆగి అడుగుతాం. తెలిసినట్టే ఉన్న మాట దగ్గర ఆగం. అక్కడే తప్పు చేస్తాం.

ప్రోగ్రామింగ్ భాషల్లోనూ సరిగ్గా ఇంతే. జావాలో రెండు పేర్లు ఒకటేనా అని చూడటానికి రెండు ఈక్వల్ గుర్తులు పెట్టామనుకోండి. 'ఈ రెండూ ఒకే వస్తువేనా?' అని చూస్తుంది తప్ప లోపలి అక్షరాలు పోల్చదు. రెండు కాగితాల మీద ఒకే పేరున్నా 'కాగితాలు వేరు' అనేస్తుంది. అక్షరాలు పోల్చాలంటే 'ఈక్వల్స్' అని వేరే అడగాలి. అదే గుర్తు సీ షార్ప్‌లో పెడితే నేరుగా అక్షరాల్నే పోలుస్తుంది. అందుకని సీ షార్ప్ నుంచి జావాకి వచ్చినవాడు అలవాటుకొద్దీ రెండు ఈక్వల్స్ పెట్టేస్తాడు. ప్రోగ్రామ్ ఆగదు, తప్పని అరవదు. ఒక్కోసారి సరైన జవాబే ఇస్తుంది కూడా. ఒక్కోసారి ఇవ్వదు. పాస్‌వర్డు సరైనదే కొట్టినా తప్పంటే వాడేవాడికి ఏం తెలుస్తుంది?

ఇంకోటి. ఏడుని రెండుతో భాగిస్తే ఎంత? మూడున్నర. కానీ జావాలో రెండూ పూర్ణసంఖ్యలైతే జవాబు 3. అర ఎగిరిపోతుంది. ఇప్పటి పైథాన్‌లో 3.5 వస్తుంది. ఇద్దరు స్నేహితులు ఏడు రూపాయల బిల్లు పంచుకుంటే ఒక రూపాయి గాల్లో కలిసిపోతుందన్నమాట. లెక్కబెట్టడం కూడా అంతే. శాస్త్ర గణనల కోసం 1957లో వచ్చిన ఫోర్ట్రాన్‌లో వరస మామూలుగా ఒకటి నుంచి మొదలవుతుంది. సీ భాషలో సున్నా నుంచి. ఒకదాంట్లో 'మొదటి మనిషి' రెండోదాంట్లో 'రెండో మనిషి' అయి కూర్చుంటాడు.

ఇది నా ఊహ కాదు. 2020లో అమెరికాలోని నార్త్ కరొలైనా స్టేట్ యూనివర్సిటీ, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు కలిసి ఇదే సంగతి తేల్చాలనుకున్నారు. 18 భాషలకు సంబంధించి ప్రోగ్రామర్లు సాయం కోరుతూ అడిగిన ప్రశ్నల్లోంచి 450 తీసుకుని పరిశీలించారు. వాటిలో 276 చోట్ల చిక్కుకి కారణం ఒకటే... పాత భాషలో ఉన్నట్టే కొత్త భాషలోనూ ఉంటుందనుకోవడం! ఆ తర్వాత 16 మంది వృత్తి ప్రోగ్రామర్లతో మాట్లాడారు. పాత చదువు సాయం చేస్తుంది, అడ్డమూ పడుతుంది అని తేలింది.

నాకిది వెంటనే ఎక్కింది. అనూ కీబోర్డు మీద ఏళ్ల తరబడి కొట్టిన వేళ్లతో ఇన్‌స్క్రిప్ట్‌కి మారినప్పుడు నెల రోజులు నా కాపీ చదివినవాళ్లకు నవ్వే నవ్వు. మా ఆఫీసులో కొత్తగా చేరి నేరుగా ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకున్న అమ్మాయికి ఆ బాధే లేదు!

నాచారంలో ఓ లేత్ ముందు

ఈ గొడవ సాఫ్ట్‌వేర్‌వాళ్లదే అనుకుంటే పొరపాటు. హబ్సిగూడ చౌరస్తా నుంచి ఆటో ఎక్కితే ఇట్టే వచ్చేస్తుంది నాచారం పారిశ్రామికవాడ. అక్కడి ఓ వర్క్‌షాప్‌లో పాతికేళ్లుగా టర్నర్‌గా చేస్తున్న పెద్దాయన ఉన్నారు. మొదట చేత్తో తిప్పే లేత్. తర్వాత కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ లేత్. ఇప్పుడు వాళ్ల షెడ్డులో రెండు సీఎన్‌సీ మెషీన్లున్నాయి. ఒకదానికి జపాన్ ఫానక్ కంట్రోలర్, రెండోదానికి జర్మనీ సీమెన్స్ కంట్రోలర్.

"రెండూ జీ కోడ్లే మేడం. జీ 0 అంటే టూల్ ఖాళీగా వేగంగా జరగాలి. జీ 1 అంటే కోస్తూ తిన్నగా పోవాలి. రెంటికీ ఒకటే" అన్నారాయన. "కానీ జీ 71 దగ్గర జాగ్రత్త. ఫానక్‌లో జీ 71 అంటే పైనున్న ఇనుము మొత్తం గరుకుగా చెక్కిపారెయ్యమని. సీమెన్స్‌లో అదే జీ 71 అంటే కొలతలు మిల్లీమీటర్లలో ఉన్నాయి అని చెప్పడం. అంతే. ఒకటి పని, రెండోది మాట!"

కొత్త కుర్రాళ్లకు ఆయన మొదట నేర్పేది ఇదేనట. కలిసే కోడ్లు కాదు, కలిసినట్టు కనపడి కలవనివి. ఒక కాగితం మీద రాసి మెషీన్‌కి అతికించారు. కొత్త ప్రోగ్రామ్ ఏదైనా ముందు చక్‌లో జాబ్ లేకుండా గాల్లో నడిపించి చూస్తారు. ఎందుకంటే ఇక్కడ తప్పు జరిగితే తెరమీద ఎర్రగీత రాదు. టూల్ విరుగుతుంది.

పాతికేళ్ల అనుభవం దండగా మరి? "అదేం మాట! ఏ ఇనుముకి ఎంత వేగం, టూల్ ఎప్పుడు అరిగింది, చప్పుడు ఎందుకు మారింది... ఇది ఏ కంట్రోలర్ చెప్తది? అది నాది. మీటలు వాళ్లవి" అన్నారు. ఇంతకంటే బాగా ఏ పుస్తకమూ చెప్పదేమో.

2000 సంవత్సరం తెల్లారాక...

హైదరాబాద్‌కి భాష మారడమంటే ఏమిటో బాగా తెలుసు. ఒక తరం మొత్తం ఆ పరీక్ష రాసింది. 1990ల చివర్లో ప్రపంచమంతా 'వై టూ కే' భయం పట్టుకుంది. పాత ప్రోగ్రాముల్లో జాగా కలిసొస్తుందని సంవత్సరాన్ని రెండంకెల్లోనే రాశారు. 99 తర్వాత 00 వస్తే అది 2000 అనుకుంటుందో 1900 అనుకుంటుందో! బ్యాంకులు, బీమా కంపెనీల లెక్కల్లో చాలా భాగం 1959లో పురుడుపోసుకున్న కోబాల్ భాషలో ఉండేవి. వాటిని సరిచేయడానికి మనుషులు కావాలి. అమీర్‌పేటలో కోబాల్ బోర్డులు లేచాయి. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యేనాటికి బీకాం, మెకానికల్, సివిల్ అన్న తేడా లేకుండా కోబాల్ నేర్చుకున్నవాళ్లు విమానం ఎక్కుతున్నారు.

మా మూడో అంతస్తులో ఉండే ఆయన ఆ బ్యాచే. బీకాం చదివి కోబాల్ నేర్చుకుని, ఓ విదేశీ బ్యాంకు ప్రాజెక్టులో చేరారు. 2000 జనవరి 1 వచ్చింది, పెద్ద ప్రమాదమేమీ లేకుండా వెళ్లిపోయింది. ఆ పని కూడా వెళ్లిపోయింది! మార్చి నుంచి అమెరికాలో డాట్‌కామ్ షేర్లు కూలడం మొదలైంది. 2001లో ఆయన సూట్‌కేసుతో తిరిగొచ్చారు. అప్పటికి ఊరంతా జావా జపం.

"జావా క్లాసులో మొదటి నెల ఏడ్చినంత పనైంది" అంటారాయన. ఎందుకంటే అది తెలుగు నుంచి కన్నడం కాదు. కోబాల్‌లో ప్రోగ్రామ్ నాలుగు విభాగాలుగా, ఇంగ్లిషు దరఖాస్తు రాసినట్టు పైనుంచి కిందికి సాగుతుంది. 'దీన్ని దానికి కూడి ఫలానాదాంట్లో వెయ్' అన్నట్టుంటాయి వాక్యాలు. జావాలోనేమో ప్రతిదీ ఒక వస్తువు. ఖాతా ఒక వస్తువు, ఖాతాదారు ఒక వస్తువు. వాటి మధ్య మాటలే ప్రోగ్రామ్. అక్షరాలు మారడం కాదు, ఆలోచించే తీరే మారాలి.

మరి ఎలా నిలబడ్డారు? "ఇంటర్వ్యూలో జావా ప్రశ్నలకు సగమే చెప్పా. తర్వాత వాళ్లు వడ్డీ లెక్కలు, రోజు చివర ఖాతాలు ముగించే పద్ధతి అడిగారు. అది నాకు కొట్టిన పిండి. దానికే తీసుకున్నారు. జావా ఉద్యోగంలో నేర్చుకున్నా" అన్నారు. ఆయనతోపాటు తిరిగొచ్చిన స్నేహితులందరి కథా ఇలా సుఖాంతం కాలేదు. కొందరు తండ్రుల దుకాణాల్లో కూర్చున్నారు. ఒకరు మళ్లీ సాఫ్ట్‌వేర్ వైపు చూడలేదట. విచిత్రమేమంటే... బ్యాంకుల్లో కోబాల్ ఇవాళ్టికీ నడుస్తూనే ఉంది!

భాష వారం, ఊరు ఏడాది

అంటే దగ్గరి భాషలైతే తేలిక, దూరపు భాషలైతే కష్టం అని రాసేసి ఊరుకోవచ్చా? అదీ కుదరదు. నేనడిగిన ప్రోగ్రామర్లు దాదాపు అందరూ ఒకేలా చెప్పారు. జావా బాగా వచ్చినవాడు సీ షార్ప్ చదివి అర్థం చేసుకోవడానికి వారం చాలు. పనికొచ్చేది రాయడానికి ఓ నెల. కానీ 'ఇది ఇలా కాదు, ఇక్కడివాళ్లు ఇలా చేస్తారు' అని తెలియడానికి ఏడాది పట్టొచ్చు.

ఎందుకంత? భాష రావడం వేరు, ఊరు తెలియడం వేరు. వరంగల్ మనిషి రాజమండ్రి వెళ్లాడనుకోండి. భాష సమస్యే లేదు. కానీ ఏ బస్సు ఎటు పోతుంది, మంచి డాక్టరెవరు, ఏ దుకాణంలో అరువిస్తారు... ఇవి ఎవరు చెప్తారు? ప్రతి ప్రోగ్రామింగ్ భాష చుట్టూ ఓ ఊరుంటుంది. ముందే రాసిపెట్టిన సరంజామా, దాన్ని తెచ్చుకునే పద్ధతి, తప్పులు వెతికే పనిముట్లు, రాత మర్యాదలు... ఆ సరంజామాకి జావాలో ఒక దుకాణం, సీ షార్ప్‌కి ఇంకో దుకాణం. కంపెనీలు 'మూడేళ్ల అనుభవం' అని అడిగేది ఈ ఊరి గురించే. సోమవారం చేరినవాడు శుక్రవారానికి పని అప్పజెప్పాలని వాళ్ల ఆత్రం. అది తప్పని అనలేం.

తప్పు ఎక్కడంటే, ఊరు తెలిసిన మనిషి కావాలని చెప్పాల్సినచోట భాష పేరు, ఏళ్ల లెక్క రాసి ఊరుకోవడం. ఆ కొలత పట్టుకుని జల్లెడ పడితే నాచారం పెద్దాయన లాంటివాళ్లు పొట్టుతోపాటు కొట్టుకుపోతారు. మన కోచింగ్ సెంటర్లదీ ఇదే లోపం. వారంలో వచ్చే వ్యాకరణాన్ని మూడు నెలలు నేర్పుతారు. ఏడాది పట్టే ఊరిని చూపించరు. చూపించడం తరగతి గదిలో కష్టం కూడా.

మారడమన్నది ఎంత సుఖంగా జరగొచ్చో, ఎంత నానబెట్టొచ్చో చెప్పడానికి రెండు ఉదాహరణలు. ఫోన్లలో ఆండ్రాయిడ్ ఆప్‌లు జావాలో రాసేవారు. 2017లో గూగుల్ కోట్లిన్ అనే భాషనూ అనుమతించింది. 2019లో 'ఇక మా మొదటి ఓటు కోట్లిన్‌కే' అంది. జావా, కోట్లిన్ ఒకే ప్రాజెక్టులో పక్కపక్కనే ఉండగలవు. కాబట్టి జనం రోజుకో ఫైలు చొప్పున మెల్లగా మారారు. ఇక పైథాన్. 2008 డిసెంబరులో మూడో వెర్షన్ వచ్చింది. పాత రెండో వెర్షన్‌కి మద్దతు పూర్తిగా ఆపింది 2020 జనవరి 1న. ఒకే భాష, ఒకే పేరు... పదకొండేళ్లు పట్టింది ఇల్లు మారడానికి! ఏడుని రెండుతో భాగిస్తే మూడా, మూడున్నరా అన్న తేడా కూడా ఆ మార్పుల్లో ఒకటి.

'ఇప్పుడు కృత్రిమ మేధ ఉంది కదా, జావా ఇస్తే క్షణంలో సీ షార్ప్ చేసిచ్చేస్తుంది' అంటారు. నిజమే, చేసిస్తుంది. చాలామటుకు బాగానే చేసిస్తుంది. కానీ అది రాసిందాంట్లో 'ఊట'కి అర్థం మారిందో లేదో చూడాల్సింది మనిషే. రాయడం తగ్గేకొద్దీ చదివి పట్టుకునే కన్ను విలువ పెరుగుతుంది.

కొడుకు మాట... తండ్రి అనుమతి

ఇంతకీ అంకుల్‌కి ఏం చెప్పాను? డబ్బు కట్టొద్దని గానీ కట్టమని గానీ చెప్పలేదు. మూడో అంతస్తు ఆయన్ని, కింది ఫ్లాట్ కుర్రాణ్ని ఓ సాయంత్రం టెర్రస్ మీద కలిపానంతే.

ఆయన చెప్పిన ఉపాయం చిన్నదే. "కొత్త భాషలో కొత్త ప్రోగ్రామ్ రాయకు. పాత భాషలో నువ్వు రాసిందే కొత్త భాషలో మళ్లీ రాయి. జవాబు నీకు ముందే తెలుసు కాబట్టి తేడా వస్తే పట్టుబడుతుంది. తేడా వచ్చిన ప్రతిచోటా ఓ పుస్తకంలో రాసుకో. ఆ పుస్తకమే నీ కోచింగు."

కుర్రాడు రెండేళ్ల క్రితం మా అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లెక్కల కోసం జావాలో ఓ ప్రోగ్రామ్ రాశాడు. ఫ్లాట్లకు ఒక రేటు. కింద రోడ్డువైపున్న జిరాక్స్ షాపుకి ఇంకో రేటు. దాన్నే సీ షార్ప్‌లోకి మార్చాడు. నాలుగు రోజుల్లో అయిపోయింది. నడిచింది. బిల్లులు అచ్చయ్యాయి. వాడు సంబరపడిపోయాడు.

అంకుల్ కళ్లజోడు పెట్టుకుని కాగితం చూశారు. "ఏరా, జిరాక్స్ షాపువాడికి ఫ్లాట్ రేటే వేశావేంటి?"

ఆ తప్పు వెతకడానికి వాడికి ఒక రాత్రి పట్టింది. తేలిందిది. ఈ భాషల్లో ఒకదాన్నుంచి ఇంకోటి పుట్టించొచ్చు. 'ఫ్లాట్' తండ్రి అయితే 'షాపు' కొడుకు. తండ్రి దగ్గరున్న రేటు లెక్కని కొడుకు తనకు తగ్గట్టు మార్చుకోవచ్చు. జావాలో కొడుకు మార్చుకుంటే మామూలుగా కొడుకు మాటే చెల్లుతుంది. సీ షార్ప్‌లో అలా కాదు. 'నా మాట నువ్వు మార్చుకోవచ్చు' అని తండ్రి ముందే 'వర్చువల్' అని రాసివ్వాలి. 'మారుస్తున్నాను' అని కొడుకు 'ఓవర్‌రైడ్' అని చెప్పాలి. రెండూ లేకపోతే, ఫ్లాట్ల జాబితాలో కూర్చోబెట్టి అడిగినప్పుడు తండ్రి లెక్కే నడుస్తుంది. కంపైలర్ పచ్చరంగు గీత గీసి హెచ్చరించింది కూడా. ఎర్రగీత కాదు కదా అని వీడే పట్టించుకోలేదు.

మెట్లమీద ఈ సంగతి చెప్తుంటే అంకుల్ ఒకటే నవ్వు. "అంటే తండ్రి అనుమతి లేకపోతే కొడుకు మాట చెల్లదన్నమాట. మంచి భాషేరా, నేర్చుకో!"

కుర్రాడి పుస్తకంలో ఇప్పుడు 31 తేడాలున్నాయి. మొదటి పేజీలో జిరాక్స్ షాపు కథే. పోయిన వారం ఉప్పల్ వైపు ఓ చిన్న కంపెనీలో ఇంటర్వ్యూకి వెళ్లాడు. సీ షార్ప్‌లో అనుభవమెంత అని అడిగితే 'ఉద్యోగ అనుభవం లేదు, ఆరు వారాలుగా సొంతంగా చేస్తున్నా' అని ఉన్నమాటే చెప్పాడట. 'ఇన్నాళ్లలో ఏం తప్పు చేశావు?' అనడిగారట. ఈ కథ మొత్తం చెప్పాడు. ఇరవై నిమిషాలు దానిమీదే మాట్లాడుకున్నారు. కబురు ఇంకా రాలేదు. రావచ్చు, రాకపోవచ్చు. 35 వేలు మాత్రం ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి.

నిన్న సాయంత్రం మళ్లీ టిఫిన్ సెంటర్ దగ్గరే కనిపించారు అంకుల్. 'ఏమంటున్నాడు అబ్బాయి?' అన్నాను.

"ఏముందమ్మా... ఇప్పుడు పైథాన్ మొదలెట్టాడు" అన్నారు. ఓ నిమిషం ఆగి అడిగారు. "అందులో తండ్రి అనుమతి కావాలా, అక్కర్లేదా?"

కనుక్కుని చెప్పాను... అక్కర్లేదట!